ఔట్‌బ్యాక్ ప్రయాణానికి తలకిందుల సలహాలు

ఆస్ట్రేలియాలో ఉంటున్న మనవాళ్ళు పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్న నెలలోపే నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, ఔట్‌బ్యాక్ వెళ్దామనుకుంటున్నాం. ఏం తీసుకెళ్ళాలి, ఎలా వెళ్ళాలి?" నేను చెప్పడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే అవతల మాట ఆగిపోతుంది. టైర్లలో గాలి తీసెయ్యమంటాను. సాయంత్రం నాలుగింటికే బండి ఆపెయ్యమంటాను. కంగారూ అడ్డొస్తే స్టీరింగ్ తిప్పొద్దంటాను. బండి చెడిపోతే సాయం వెతుక్కుంటూ వెళ్ళొద్దంటాను. అవసరమైతే సగం దారిలోంచి ఇంటికి తిరగమంటాను. "ఇదేంటన్నా, అన్నీ తిరకాసు సలహాలే చెబుతున్నావు" అన్నాడు ఒంగోలు కుర్రాడొకడు. వినడానికి అలాగే ఉంటాయి. పన్నెండేళ్ళుగా ప్రతి చలికాలమూ అడిలైడ్ నుంచి ఉత్తరానికి, ఔట్‌బ్యాక్ అనే ఆ జనం లేని లోపలి నేలకు, వెళ్ళొస్తున్నాను. వీటిలో ఒక్కదాన్ని పక్కన పెట్టినా ఆ ప్రయాణం ఎలా మారిపోతుందో కళ్ళారా చూశాను కనుకే చెబుతున్నాను.

ముందు దూరం సంగతి. మనకు దూరమంటే ఊరికీ ఊరికీ మధ్య దూరం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ వరసగా వస్తాయి. టీ కొట్టు, పంక్చర్ షాపు కనపడని పది నిమిషాలుండవు. దక్షిణ ఆస్ట్రేలియాలోని మారీ నుంచి క్వీన్స్‌లాండ్‌లోని బర్డ్స్‌విల్ దాకా వెళ్ళే బర్డ్స్‌విల్ ట్రాక్ 517 కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ వెళ్ళి మళ్ళీ హైదరాబాద్ చేరినంత. ఇంత దారిలోనూ పెట్రోలు దొరికేది మంగెరానీ హోటల్ దగ్గర ఒక్కచోటే. చివరనున్న బర్డ్స్‌విల్ జనాభా వందకు అటూ ఇటూ. దారిలో ఎవరో ఒకరు ఉంటారులే అన్న ధీమా మనం పుట్టి పెరిగిన రోడ్లు మనకిచ్చాయి. ఆ ధీమాను మారీలోనే దింపి బయల్దేరాలి.

ఎండ కూడా అంతే. రెంటచింతల ఎండలు చూసినవాళ్ళం, మాకేం కొత్త అంటారు మనవాళ్ళు. రెంటచింతలలో వేపచెట్టు నీడ ఉంటుంది, బోరు ఉంటుంది, గుమ్మంలోకి వచ్చి దాహమంటే చెంబుతో నీళ్ళిచ్చే మనిషి ఉంటాడు. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో, నీడ లేని చోట, మనిషి లేని చోట నిలబడటం వేరు. బర్డ్స్‌విల్ పక్కనున్న సింప్సన్ ఎడారి పార్కును ఏటా డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఎవరూ వెళ్ళకుండా మూసేసేది అందుకే. పిల్లల బడి సెలవులు, ఆఫీసు సెలవులు డిసెంబరులో వస్తాయి కాబట్టి అప్పుడే వెళ్దామనేవాళ్ళకు నా మొదటి సలహా: వెళ్ళకండి. మే నుంచి సెప్టెంబరు మొదటి వారాల దాకా ఎప్పుడైనా వెళ్ళండి. రాత్రిళ్ళు చలి సున్నా దాకా దిగుతుంది, మందపాటి దుప్పట్లు పెట్టుకోండి.

టైర్లలో గాలి తీసెయ్యండి

నా రెండో ప్రయాణంలో బర్డ్స్‌విల్‌కు 35 కిలోమీటర్ల పడమట ఉన్న బిగ్ రెడ్ దిబ్బ దగ్గరికి వెళ్ళాం. దాదాపు 40 మీటర్ల ఎత్తున్న ఎర్ర ఇసుక గుట్ట అది. సింప్సన్ ఎడారిలో వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు పక్కపక్కనే వరసలు కట్టి ఉంటాయి. తూర్పు నుంచి వెళ్ళేవాళ్ళకు మొదట ఎదురయ్యేది ఇదే, అన్నిట్లోకీ ఎత్తయిందిగా పేరుపడిందీ ఇదే. మొదటిసారి సగం ఎక్కి ఆగిపోయాను. రెండోసారి యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కాను. మూడోసారి చక్రాలు గిర్రున తిరిగి బండి ఇరుసు దాకా దిగబడింది. మా ఆవిడ పిల్లలిద్దరినీ తీసుకుని పక్కన నిలబడింది. కింద పాత బండి ఆపుకుని చూస్తున్న ఒక పెద్దాయన మెల్లగా ఎక్కి వచ్చి, నా టైరు మీద అరచేత్తో తట్టాడు. గాలి ఎంతుందని అడిగాడు. 38 అన్నాను. జేబులోంచి గేజ్ తీసి నా చేతిలో పెట్టి, నాలుగు టైర్లూ 16కు దించమన్నాడు.

దించడానికి పావుగంట పట్టింది. చక్రాల ముందూ వెనకా ఉన్న ఇసుక తోడాం. బండి వెనక్కి జారి కిందికి వచ్చింది. మళ్ళీ ఎక్కించాను, ఈసారి ముందు తొక్కినంతలో సగం కూడా తొక్కలేదు. బండి మెల్లగా, ఎక్కడా తడబడకుండా పైకి చేరింది. ఇంజన్ మారలేదు, డ్రైవర్ మారలేదు. టైర్లలో గాలి మాత్రం తగ్గింది.

కారణం సులువే. గాలి తగ్గితే టైరు కింద భాగం పొడవుగా పరుచుకుంటుంది. బండి బరువు ఎక్కువ చోటుకు పంచుకుపోతుంది కాబట్టి ఇసుకను తవ్వకుండా దాని మీద నడుస్తుంది. మన ఊళ్ళో పంక్చర్ షాపులో "32 పెట్టు బాబూ" అని ఒక్క అంకె చెప్పి వచ్చేస్తాం. ఔట్‌బ్యాక్‌లో ఒక్క అంకె కుదరదు. తారు రోడ్డు మీద 36, 38 ఉన్నది కంకర రోడ్డు మీదికి రాగానే 26, 28కి దించాలి. మెత్తటి ఇసుకలో 16, 18. బండి బరువును బట్టి, టైరును బట్టి ఇవి కొంచెం అటూ ఇటూ అవుతాయి. గాలి తగ్గించినప్పుడు వేగం కూడా తగ్గించాలి, లేకపోతే టైరు పక్కలు వేడెక్కి చీలిపోతాయి. తారు రోడ్డు రాగానే మళ్ళీ నింపాలి. అందుకే మంచి గేజ్, చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. బండికి హంగుల మీద వేల డాలర్లు పోసి ఈ రెండూ కొననివాళ్ళను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

అక్కడి మట్టి రోడ్లు సిమెంటు రేకు మీద ముడతల్లా ఉంటాయి. బండి గంటల తరబడి దడదడలాడుతుంది. బోల్టులు వదులవుతాయి, బ్యాటరీ పట్టీలు తెగుతాయి, టాప్ మీది క్యారియర్లకు పగుళ్ళొస్తాయి. ఎనభై దాటించి పరిగెత్తిస్తే ముడతల మీద తేలిపోతావు, కుదుపు తెలీదు అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కుదుపు తగ్గే మాట నిజం. బండి తేలుతోందంటే టైరు నేలను సరిగా పట్టుకోవడం లేదనే అర్థం. అప్పుడు బ్రేకు పట్టదు, మలుపులో బండి మాట వినదు. గాలి తగ్గించి, వేగం తగ్గించి వెళ్తే కుదుపూ తగ్గుతుంది, ప్రాణమూ నిలుస్తుంది. ఇవన్నీ చేసినా టైర్లు కోసుకుంటాయి. స్టెప్నీలు రెండు ఉండాలి, పంక్చర్ వేసే సరంజామా ఉండాలి, దాన్ని ఇంటి ముందు ఒకసారి వాడి చూసి ఉండాలి.

సామాను దింపెయ్యండి, నీళ్ళు తప్ప

1860 ఆగస్టు 20న బర్క్ అనే ఆయన నాయకత్వంలో, విల్స్ అనే ఆయనతో సహా, ఒక బృందం మెల్‌బోర్న్ నుంచి ఉత్తర సముద్ర తీరానికి బయల్దేరింది. వాళ్ళ సామాను దాదాపు 20 టన్నులు. అందులో దేవదారు పలక బిగించిన బల్ల, కుర్చీలు, ఒక పెద్ద గంట కూడా ఉన్నాయి. మెనిండీ అనే చోటికి మెయిల్ బండి వారం పైచిలుకులో చేరే దారి వాళ్ళకు రెండు నెలలు పట్టింది. ఆ ఆలస్యం మోసుకుంటూ పోయి పోయి, 1861 ఏప్రిల్ 21 సాయంత్రం బర్క్, విల్స్, వాళ్ళ తోటివాడు కింగ్ తీరం నుంచి తిరిగి కూపర్ క్రీక్ వాగు దగ్గరి మకాముకు చేరారు. నాలుగు నెలలు వాళ్ళ కోసం ఎదురుచూసిన మిగతా బృందం అదే రోజు ఉదయం బయల్దేరి వెళ్ళిపోయింది. కొద్ది గంటల తేడా. బర్క్, విల్స్ తర్వాత ఆ వాగు దగ్గరే చనిపోయారు. కింగ్‌ను యాండ్రువాండా ప్రజలు తిండి పెట్టి బతికించారు. వాళ్ళు తరతరాలుగా ఆ వాగు ఒడ్డునే, బల్లలూ కుర్చీలూ లేకుండా బతుకుతున్నవాళ్ళు.

ఆ బృందంలోని ఒంటెల్లో చాలావాటిని మన ఉపఖండంలోనే కొన్నారు, వాటిని తోలడానికి అక్కడి నుంచే మనుషులను తెచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుంచి వచ్చిన ఒంటెలవాళ్ళే మధ్య ఆస్ట్రేలియాకు సరుకులు మోశారు. మారీలో వాళ్ళు కట్టుకున్న మసీదు జాడను ఇప్పటికీ చూడొచ్చు. ఆ దారుల మీద మన పక్క మనుషులు మనకన్నా చాలా ముందు నడిచారని పిల్లలకు చెప్పండి. తూకం చూసి సామాను కట్టడంలో వాళ్ళకు మించినవాళ్ళు లేరు.

చాలా ఫోర్ వీల్ బండ్లు మోయగల బరువు మనుషులతో కలిపి 600, 700 కిలోల దగ్గర ఆగిపోతుంది. నలుగురు మనుషులు, డీజిలు క్యాన్లు, స్టెప్నీలు, టెంటు, ఫ్రిజ్ పెట్టేసరికి అది నిండిపోతుంది. నీళ్ళకు చోటు మిగలదు. నేను లెక్కను తిరగేసి మొదలుపెట్టమంటాను. ముందు నీళ్ళు పెట్టండి. మనిషికి రోజుకు 10 లీటర్లు. అనుకున్న రోజులకు మరో మూడు రోజులు కలపండి. నలుగురికి, రెండు రోజుల దారికి, 200 లీటర్లు, అంటే 200 కిలోలు. మిగిలిన బరువులో మాత్రమే మిగతావి. ఒకే పెద్ద ట్యాంకులో కాకుండా పది, ఇరవై లీటర్ల క్యాన్లలో పెట్టండి. ఒకటి కారినా మిగతావి ఉంటాయి.

మన ఇళ్ళలో నీళ్ళ వాడకం ఈ దేశపు గైడు పుస్తకాల లెక్కకు అందదు. బియ్యం కడగాలి, అన్నం వండాలి, గిన్నెలు తోమాలి, ఉదయం చెంబు నీళ్ళు కావాలి. ఇదేమీ సిగ్గుపడే విషయం కాదు, లెక్కలో రాసుకోవాల్సిన విషయం. నేను పులిహోర మొదటి రోజుకే కడతాను, తర్వాతి రోజులకు అటుకులు, రొట్టెలు, వేపిన వేరుసెనగ, ఖర్జూరం పెట్టుకుంటాను. పచ్చళ్ళు కొంచెమే. ఉప్పు, కారం దాహాన్ని పెంచుతాయి. మెల్‌బోర్న్ నుంచి బయల్దేరేవాళ్ళు మామిడిపళ్ళు, టమాటాలు, పచ్చిమిరపకాయలు ఇంట్లోనే వదిలెయ్యండి. పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దులో తాజా పళ్ళనూ కాయలనూ అడ్డుకుంటారు, జరిమానా కూడా ఉంటుంది.

టాప్ మీద బరువులు పెట్టకండి. ఇసుక దిబ్బ మీద బండి పక్కకు వాలినప్పుడు పైనున్న ప్రతి కిలో దాన్ని ఇంకా లాగుతుంది.

నాలుగింటికి ఆగిపోండి

చీకట్లో నడపకండి. అద్దె బండ్ల ఒప్పందాల్లో చాలావాటిలో ఈ నిబంధన రాసే ఉంటుంది, మన సొంత బండికి మనమే రాసుకోవాలి. కంగారూలు తెల్లవారుఝామునా, మునిమాపు వేళా రోడ్డెక్కుతాయి. పశువులకు కంచెలుండవు. నల్లటి ఆవు నల్లటి రాత్రిలో దగ్గరికి వచ్చేదాకా కనపడదు. నాలుగింటికి ఆపితే వెలుగుండగానే టెంటు కట్టుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, బండి కింద వంగి చూసుకోవచ్చు. ఈ వంగి చూడటం చాలా ముఖ్యం. స్పినిఫెక్స్ అనే ఎండు గడ్డి ఇంజన్ కింద, సైలెన్సర్ పక్కన ఇరుక్కుని వేడికి అంటుకుంటుంది. అలా మొత్తం బండ్లు కాలిపోయాయి. గడ్డి మీద నడిపిన రోజు గంటకోసారి దిగి తీసెయ్యాలి.

కంగారూ ముందుకు దూకితే స్టీరింగ్ తిప్పకుండా, నేరుగా, గట్టిగా బ్రేకు తొక్కండి. జంతువును తప్పించబోయి బండి పల్టీ కొట్టి పోయినవాళ్ళున్నారు. ప్రాణం మీద జాలి ఉన్నవాళ్ళకు ఈ మాట మింగుడుపడదని నాకు తెలుసు. నాకూ పడలేదు. ఆ జాలిని పగటిపూటే నడపడంలో చూపించాలి, మెల్లగా నడపడంలో చూపించాలి.

ఎదురుగా దుమ్ము మేఘం లేస్తే అది రోడ్ ట్రైన్ కావచ్చు. పొడవు 53 మీటర్ల పైన కూడా ఉండగల లారీ అది, గబుక్కున ఆగలేదు. ఎడమకు తీసి ఆపండి, దుమ్ము తేలేదాకా కదలకండి. ఒకటికి రెండు నిమిషాలు పోతే పోయింది.

దిగబడితే చేతులు ముడుచుకోండి

బండి ఇసుకలోనో బురదలోనో దిగబడగానే మన కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోతుంది. తొక్కిన ప్రతి సెకనుకూ బండి ఇంకా కిందికి పోతుంది. చక్రం తిరిగి బండి కదలకపోతే వెంటనే కాలు తీసెయ్యండి. దిగండి. పది నిమిషాలు ఏమీ చెయ్యకుండా చుట్టూ తిరిగి చూడండి. ఏ చక్రం దిగింది? పొట్ట నేలకానిందా? వచ్చిన దారి గట్టిగా ఉందా? చాలాసార్లు ముందుకన్నా వెనక్కి రావడం తేలిక. అప్పుడు పార పట్టుకోండి, గాలి ఇంకా కొంచెం దించండి, రికవరీ బోర్డులు చక్రాల కింద పెట్టండి.

లాగే తాడు గురించి ఒక్క మాట, ఇది మాత్రం మీరు మరిచిపోకూడదు. సాగే తాడును ట్రెయిలర్ తగిలించే గుండు, అదే టోబాల్, దానికి ఎప్పుడూ కట్టకండి. ట్రెయిలర్‌ను నిదానంగా లాగడానికి చేసిన వస్తువది. కూరుకుపోయిన బండిని ఝాడించి లాగేటప్పుడు విరిగితే తుపాకీ గుండులా ఎగురుతుంది. ఈ దేశంలో అలా మనుషులు చనిపోయారు. బండికి గట్టిగా బిగించిన రికవరీ పాయింట్లు ఉంటేనే కట్టండి. పిల్లలనూ, ఫోన్లో వీడియో తీసేవాళ్ళనూ చాలా దూరం పంపండి. సాయానికి వచ్చిన మనిషి ఎంత అనుభవజ్ఞుడైనా టోబాల్‌కు కడుతుంటే వద్దని చెప్పండి. మొహమాటపడకండి.

ఈ సందర్భంలోనే ఇంకో సంగతి. ఊళ్ళో తిరిగే ఎస్‌యూవీకి నాలుగు చక్రాలకూ శక్తి అందినంత మాత్రాన అది ఫోర్ వీల్ డ్రైవ్ అయిపోదు. లో రేంజ్ గేర్లు ఉన్నాయా, పొట్ట నేలకు ఎంత ఎత్తులో ఉందో కొనేముందే చూసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్‌ను దిగబడ్డాక వాడుదామని దాచుకోకండి, ఇసుక మొదలవగానే వెయ్యండి.

బండిని వదిలి కదలకండి

1963 డిసెంబరులో బర్డ్స్‌విల్ ట్రాక్ మీద ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు చనిపోయారు. దారి తప్పారు, పెట్రోలు అయిపోయింది, కారు వదిలి నడిచారు. కారు ముందు దొరికింది, వాళ్ళు తర్వాత దొరికారు. ఆ ఎడారి ప్రయాణాల గురించి రాసిన ఎవరికైనా ఈ సంఘటన దాటి పోవడం కష్టం. నేను ఆ దారిలో వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళను తలచుకుంటాను.

బండిని వదలకుండా కూర్చోవడానికి మన మనసు ఒప్పుకోదు. బండి చెడిపోతే దగ్గరి ఊరికి నడిచి మెకానిక్‌ను తేవడం మనకు పుట్టుకతో వచ్చిన పని. ఇంట్లో మగవాడన్నవాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడా అంటారు. కూర్చోవాలి. పైనుంచి వెతికే విమానానికి ఒక మనిషి చిన్న చుక్క, ఒక బండి అద్దాలు మెరిసే పెద్ద వస్తువు. బండి నీడనిస్తుంది. బండిలో నీళ్ళున్నాయి. నడిచే మనిషి తనకు కావలసిన నీళ్ళు మోసుకోలేడు.

నీళ్ళు పొదుపు చేద్దామని గుటకలు లెక్కపెట్టుకుని తాగడం కూడా పొరపాటే. దాహమైనప్పుడు తాగండి. పొదుపు చెయ్యాల్సింది చెమట. పగలు పని చెయ్యకండి, బండి నీడలో ఒక గుడ్డ కట్టుకుని కదలకుండా ఉండండి. తవ్వడం, టైరు మార్చడం లాంటివి చల్లబడ్డాకే.

ఊరు దాటగానే మొబైల్ సిగ్నల్ పోతుంది, మళ్ళీ తర్వాతి ఊళ్ళోనే. శాటిలైట్ ఫోన్ అద్దెకు దొరుకుతుంది. అంతకన్నా ముందు పీఎల్‌బీ అనే చిన్న పరికరం కొనండి. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ప్రాణాపాయంలో యాంటెన్నా తీసి నొక్కితే 406 మెగాహెర్ట్‌జ్‌లో సంకేతం ఉపగ్రహాలకు చేరి, మీరున్న చోటు రక్షణ కేంద్రానికి తెలుస్తుంది. నెలనెలా చందా లేదు. కొన్నాక ప్రభుత్వ సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా దగ్గర మీ పేరుతో నమోదు చేయించుకోవాలి, అది ఉచితం. ధర చాలామంది కట్టే నెల కారు కిస్తీ కన్నా తక్కువ. దాన్ని బండి డిక్కీలో సామాను కింద పెట్టకండి, మనిషి నడుముకు ఉండాలి. 1928లో క్లాన్‌కరీ ఊరి నుంచి జాన్ ఫ్లిన్ మొదలుపెట్టిన ఎగిరే వైద్యుల సేవ ఇప్పటికీ ఆ మారుమూలలకు వెళ్తోంది. అయినా వాళ్ళకు మీరెక్కడున్నారో తెలియాలి కదా.

ఫోన్‌లో మ్యాపు చూపించింది కాబట్టి అది దారే అనుకోకండి. 2012లో ఒక ఫోన్ మ్యాపు మిల్డూరా పట్నాన్ని అసలు చోటుకు 70 కిలోమీటర్ల దూరాన, నీళ్ళు లేని నేషనల్ పార్కు మధ్యలో చూపించింది. దాన్ని నమ్మి వెళ్ళి చిక్కుకుపోయినవాళ్ళను కాపాడాక విక్టోరియా పోలీసులు జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. కాగితం మ్యాపు కొనండి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకు దాన్ని చదవడం రావాలి. చాలా దారులు ఆదివాసీల భూముల్లోంచి వెళ్తాయి, వాటికి ముందే అనుమతి తీసుకోవాలి. వద్దన్న చోట ఆగకండి, వద్దన్న గుట్ట ఎక్కకండి. అది వాళ్ళ ఇల్లు.

వెనక్కి తిరగండి

అన్నిటికన్నా కష్టమైన సలహా ఇది. అక్కడి నేలలో చాలాచోట్ల బంకమట్టి. ఒక్క జల్లు పడితే రోడ్డు సబ్బులా జారుతుంది, ఆ పై జల్లుకు చక్రానికి మట్టి ముద్దలు కట్టి బండి కదలదు. అందుకే వాన పడగానే రోడ్లు మూసేస్తారు. మూసిన రోడ్డు మీద నడిపితే జరిమానా భారీగా ఉంటుంది. డబ్బు పోవడం ఒకెత్తు. తడి రోడ్డు మీద మీ చక్రాలు చేసిన గాడి ఎండిపోయి రాయిలా గట్టిపడుతుంది, అక్కడ బతికే పశువులకాపరులు, బడిపిల్లలు, మెయిల్ బండి మళ్ళీ రోడ్డు గీకేదాకా దాని మీదే పడుతూ లేస్తూ వెళ్ళాలి.

మనవాళ్ళు మూసిన బోర్డు చూసి కూడా ముందుకు పోవడానికి కారణం ఒక్కటే, సోమవారం ఆఫీసు. సెలవు లెక్క కట్టేటప్పుడే మూడు రోజులు ఎక్కువ అడగండి. ఇవ్వకపోతే ప్రయాణం మూడు రోజులు తగ్గించండి. ఆ మూడు రోజులు వాన పడితే ఊళ్ళో కూర్చోవడానికి. పడకపోతే కూపర్ క్రీక్ ఒడ్డున పెలికన్ పక్షులను చూస్తూ కూర్చోవడానికి. నేను ఒకసారి మంగెరానీ దాకా వెళ్ళి, ఉత్తరాన మబ్బులు చూసి తిరిగి వచ్చేశాను. మా అబ్బాయి బర్డ్స్‌విల్ చూడలేదని అడిలైడ్ దాకా మాట్లాడలేదు. తర్వాతి ఏడాది చూశాడు.

బర్డ్స్‌విల్ ట్రాక్ మీద 1936 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా టామ్ క్రూజ్ అనే ఆయన రెండు వారాలకోసారి మెయిల్ తీసుకెళ్ళేవాడు. ఆయన మీద తీసి 1954లో విడుదల చేసిన 'ద బ్యాక్ ఆఫ్ బియాండ్' సినిమా ప్రపంచమంతా చూసింది. ఆయన నడిపిన లేలాండ్ బ్యాడ్జర్ లారీకి ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. ఇసుక దిబ్బ వచ్చిన చోట ఇనప రేకులు పరిచి, లారీని వాటి మీదికి ఎక్కించి, వెనక రేకులు తీసి మళ్ళీ ముందు పరిచేవాడు. వాగు పొంగితే కొన్నిసార్లు ఒడ్డున ఆగాల్సి వచ్చేది. ఉత్తరాలు ఆలస్యమయ్యేవి, చేరేవి. ఆయన తొంభై ఏళ్ళు దాటి బతికాడు.

మీరు బయల్దేరే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఏ దారిన వెళ్తున్నారు, ఏ రాత్రి ఎక్కడ ఆగుతారు, బండి నంబరు, రంగు, ఎంతమంది, పీఎల్‌బీ ఉందా, ఏ రోజు ఏ గంటకు ఫోన్ చేస్తారు, అన్నీ రాయండి. ఆ గంట దాటితే పోలీసులకు ఫోన్ చెయ్యమని కింద స్పష్టంగా రాయండి. ఇండియాలో ఉన్న అమ్మకు కాదు, ఆవిడ కంగారుపడటం తప్ప ఏం చెయ్యగలదు? ఈ దేశంలోనే ఉన్న ఒక స్నేహితుడికి ఇవ్వండి. ఊరు చేరగానే, అన్నం తినకముందే, వాళ్ళకు ఫోన్ చెయ్యండి.